కాడి దించిన రైతునకు వైద్య బీమా: ఏది కోరుకొనవలెను?

ఉద్యోగికి పదవీ విరమణ దినమొకటి నిర్ణయింపబడి యుండును. రైతునకట్టి దినము లేదు. మోకాళ్లు సహకరింపక, కన్నులు మసకబారి, కాడిని కుమారునకప్పగించి అరుగుమీద కూర్చుండిన నాడే అతని విరమణము. అప్పటినుండి అతని రాబడి తగ్గును. ఆసుపత్రి అవసరము పెరుగును. పంట పోయినచో మరుసటి కారున కొంత కూడదీసికొనవచ్చును గాని, గుండె జబ్బుకో తుంటి యెముక విరిగినందుకో అమ్మిన అరయెకరము తిరిగి రాదు. మేము గ్రామములకు విత్తనములను, ఎరువులను గూర్చి చెప్పబోయినపుడు సంఘ సభ్యులు పలువురు ఈ సంగతినే అడుగుచున్నారు: "పెద్దవారికి వైద్య బీమా ఏది తీసికొనవలెను?" అని. దీనికి సమాధానముగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా సారాంశమును చెప్పెదము. పాలసీ కాగితముమీద అచ్చువేసిన పెద్ద మొత్తమును జూచి బీమాను కోరుకొనరాదు. మన యూరికి అందుబాటులోని ఆసుపత్రి ఏది, మన యొంటనున్న జబ్బు ఏది, బిల్లులో మన చేతినుండి పడు వాటా యెంత అను మూడింటిని జూచి కోరుకొనవలెను. ఆ పనియు రోగము రాకమునుపే కావలెను.

1. మొదట ఇంటనున్నవానిని సరిచూచుకొనుడు

మన గ్రామములలో పలువురు తమకేదో బీమా కలదని ధైర్యముగా నుందురు; విచారింపగా అది వైద్య బీమా కాదని తేలును. తెలంగాణములో 2018లో ఆరంభమైన రైతు బీమా ప్రాణమునకు సంబంధించినది. రైతు మరణించినచో కుటుంబమునకు 5 లక్షల రూపాయలు వచ్చును. అది 18 మొదలు 59 ఏండ్ల వయస్సు వారికే. ఆసుపత్రి ఖర్చున కక్కరకు రాదు. బ్యాంకు ఖాతానుండి ఏటేట 20 రూపాయలు విరుగు ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదమువలన మరణమో అంగవైకల్యమో కలిగిన వారికి 2 లక్షలవరకు నిచ్చునది. అదియు 70 ఏండ్లతో ఆగిపోవును. ఇవి మంచివే. కాని వరి విత్తనము చల్లి కంది మొలచునని చూచుట యెట్టిదో, వీనివలన ఆసుపత్రి బిల్లు తీరునని నమ్ముటయు అట్టిదే.

ఆసుపత్రి ఖర్చునకు పనికివచ్చు ప్రభుత్వ పథకములు ముఖ్యముగా రెండు విధములు.

మొదటిది ఆరోగ్యశ్రీ. ఇది 2007 ఏప్రిల్ 1న అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై తరువాత రాష్ట్రమంతట వ్యాపించెను. తెలంగాణములో కుటుంబమునకు సంవత్సర పరిమితిని 2023 డిసెంబరు 9 నుండి 10 లక్షలు చేసిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచిరి. 2024లో ఆ పథకమునకు ఎన్‌టీఆర్ వైద్య సేవ యను పేరు పెట్టిరి. దీనికి ముఖ్యమైన ఆధారము బియ్యపు కార్డు లేక ఆహార భద్రతా కార్డు. పెద్దల పేర్లు ఆ కార్డులో నున్నవో లేవో చూచుకొనవలెను. కుమారులు వేరుపడి కొత్త కార్డులు తీసికొనినపుడు తల్లిదండ్రుల పేర్లు ఏ కార్డునను లేకపోవుట కద్దు. ఆసుపత్రి గుమ్మమువద్ద ఈ లోపము తెలిసినచో ఆనాడు చేయగలిగినది స్వల్పము.

రెండవది కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్. ఇది 2018 సెప్టెంబరు 23న ఆరంభమైనది; కుటుంబమునకు ఏటికి 5 లక్షలు. 2024 అక్టోబరు 29 నుండి 70 ఏండ్లు నిండిన వారందరికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ వయోవందన కార్డు నిచ్చుచున్నారు. దీని షరతులను పెద్దలు బాగుగా నెరుగవలెను:

(అ) ఆ కుటుంబము ఇదివరకే ఆయుష్మాన్ భారత్‌లో నున్నచో, పెద్దలకు వేరుగ మరియొక 5 లక్షలు లభించును. దానిలో చిన్నవారికి వాటా లేదు. లేనిచో పెద్దలకు మాత్రమే 5 లక్షలు. భార్యాభర్తలిరువురును 70 దాటినవారైనచో ఆ 5 లక్షలు ఇరువురకు కలిపియే.

(ఆ) పాత జబ్బులకు సైతము మొదటి దినమునుండియే వర్తించును. రక్తపోటు, మధుమేహము కలవారికి ఇది గొప్ప మేలు.

(ఇ) వయస్సునకు ఆధారము ఆధార్ కార్డు ఒక్కటే. మన పెద్దలలో పలువురకు పుట్టిన తేదీ తెలియదు. ఆధార్ వ్రాయించిన నాడు అంచనాగా ఏదో యొక సంవత్సరమును వ్రాసిరి. నిజముగా 72 ఏండ్లున్న వారు కాగితముమీద 67 ఏండ్ల వారై యుందురు. సరియైన పత్రమున్నవారు ఇప్పుడే దిద్దించుకొనవలెను.

(ఈ) కేంద్ర ఉద్యోగులకు సంబంధించిన సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికులకు సంబంధించిన ఈసీహెచ్‌ఎస్ పథకములలో నున్నవారు రెండింటిలో ఒకదానినే కోరుకొనవలెను. మన గ్రామములలో మాజీ సైనికులు తక్కువేమియు కారు. వారు తొందరపడి పాతదానిని వదలుకొనక, తమకు దగ్గరనున్న ఆసుపత్రి దేనిలో చేరియున్నదో చూచి నిర్ణయింపవలెను. సొంతముగా ప్రైవేటు పాలసీ కలవారు మాత్రము దానిని ఉంచుకొనియే వయోవందన కార్డును పొందవచ్చును.

ఈ కార్డును గూర్చిన సందేహములను 14555 అను నంబరునకు ఫోను చేసి తీర్చుకొనవచ్చును.

2. కార్డుకన్న ఆసుపత్రి ముఖ్యము

ప్రభుత్వ పథకములు పథకమున చేరిన ఆసుపత్రులలోనే చెల్లును. వేరొక చోట చేరి, డబ్బు కట్టి, పిమ్మట బిల్లు చూపి తిరిగి పొందుదమనుకొనుట పొరపాటు. మరియు పథకమున చేరిన ఆసుపత్రియైనను అన్ని జబ్బులకును చేరినదై యుండదు. ఎముకలకు చేరినది గుండెకు చేరి యుండకపోవచ్చును. కావున గోడమీద బొమ్మ చూచి నిశ్చింతగా నుండరాదు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెను:

మా కార్డు ఇచ్చట చెల్లునా? ఈ జబ్బునకు చెల్లునా? ఇప్పుడు ఈ కార్డుపై రోగులను చేర్చుకొనుచున్నారా? మేము చేతినుండి చెల్లింపవలసినదేమైన కలదా?

మూడవ ప్రశ్నను తేలికగా చూడరాదు. జాబితాలో పేరుండుట వేరు, చేర్చుకొనుట వేరు. పథకముల పరిమితులును, జబ్బుల పట్టికలును ప్రభుత్వోత్తరువులతో మారుచుండును గాన, ఏడాదికొకసారియైన తిరిగి విచారించుట మంచిది.

దూరము ఎంత ముఖ్యమో శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమును జూచిన తెలియును. అచ్చట మూత్రపిండముల జబ్బు ఏండ్ల తరబడి రైతు కుటుంబములను పీడించుచున్నది. మూత్రపిండములు పనిచేయని రోగికి సాధారణముగ వారమునకు రెండు మూడు పర్యాయములు డయాలసిస్ కావలెను. అట్టి వృద్ధునకు దూరపు నగరములో 25 లక్షల వరకు చెల్లు కార్డుకన్న, తన యూరినుండి బస్సులో పోయి సాయంకాలమునకు ఇల్లు చేరగల కేంద్రమే ఎక్కువ విలువగలది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండముల ఆసుపత్రి ప్రారంభమగుటలోని మేలు ఇదియే. ప్రతి ప్రాంతమునకును ఇట్టి లెక్క యొకటి యుండును. మీ ప్రాంతపు లెక్కను మీరే వేసికొనవలెను.

మరియొక సంగతి. ఈ పథకములు ముఖ్యముగ ఆసుపత్రిలో చేరి చేయించుకొను చికిత్సకు సంబంధించినవి. నెలనెల మ్రింగు రక్తపోటు మాత్రలకు, మధుమేహపు మాత్రలకు బీమా నాశ్రయింపక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఉచితముగ నిచ్చు మందులను తీసికొనుటయో, జన ఔషధి దుకాణములలో తక్కువ ధరకు కొనుటయో మేలు.

3. ప్రైవేటు పాలసీ ఎవరికి కావలెను?

పైనిచెప్పిన కార్డులున్నవారందరును ప్రైవేటు పాలసీ కొనవలెనని మేము చెప్పము. 60 దాటి 70 నిండక, ఆరోగ్యశ్రీకి అర్హత లేనివారికి దీని అవసరము మెండు. వారికి ఇటు ఆరోగ్యశ్రీయు లేదు, అటు వయోవందనయు లేదు. ప్రభుత్వ పథకమున చేరని యేదో యొక ఆసుపత్రిలోనే తమ చికిత్స సాగుచున్నవారికిని ఇది కావలెను. తక్కినవారు మొదట ఉచితమైన దానిని చేతికి తెచ్చుకొని, పిదప దీనిని గూర్చి ఆలోచింపవచ్చును.

వయస్సు మించినదని వెనుకటివలె ఎల్లరును నిరాశ పడనక్కరలేదు. 65 ఏండ్లు దాటినవారికి కొత్త పాలసీ ఇయ్యకపోవచ్చునను పాత నియమమును బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ 1 నుండి తొలగించెను. అయినను ఏ కంపెనీ ఏ షరతులపై ఇచ్చునో అడిగి తెలిసికొనవలెను. అన్ని కంపెనీలును 2020 ఏప్రిల్ నుండి ఒకే షరతులతో అమ్మవలసిన "ఆరోగ్య సంజీవని" యను పాలసీ యొకటి కలదు. షరతులు ఒకటే గనుక, కంపెనీల ప్రీమియములను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుట సులభము. బీమాకు కొత్తవారు మొదట దీనిని చూచి, తక్కినవానిని దీనితో సరిపోల్చుట మంచి పద్ధతి.

4. కాగితములో చదువవలసిన షరతులు

విత్తనపు సంచిపై చీటీ చదువకుండ మనము కొనము. మొలక శాతమెంత, గడువెప్పటివరకు అని చూతుము. పాలసీని గూడ నట్లే చూడవలెను. చదువ రానివారు చదువుకొనిన మనుమనిచేతనో మనుమరాలిచేతనో చదివించుకొని వినవలెను. ముఖ్యమైన షరతులు ఇవి.

వేచియుండు కాలము. పాలసీ తీసికొనిన మొదటి 30 దినములలో, ప్రమాదము తప్ప, వచ్చిన జబ్బులకు సాధారణముగ డబ్బు రాదు. కంటిపొర, వరిబీజము, మోకీలు మార్పిడి వంటివానికి వేరుగ గడువులుండును. ముందే యున్న జబ్బులకు గడువు 36 నెలలకు మించరాదని 2024లో నియమము చేసిరి. అంతకు పూర్వము 48 నెలలు. రెండు పాలసీల ప్రీమియము సమానమైనపుడు గడువు తక్కువ గలదే మేలు.

ఉన్న జబ్బును దాచకుండుట. ఏజెంటు ఫారము నింపునపుడు "జబ్బులేమియు లేవు" అని వ్రాసి వ్రేలిముద్ర వేయించుకొనుట కొన్ని చోట్ల జరుగుచున్నది. ఆనాడు ప్రీమియము కొంత తగ్గును. ఆసుపత్రిలో చేరిన నాడు పాత మందుల చీటీ బయటపడి మొత్తము డబ్బు నిలిచిపోవును. ఎడతెగకుండ 60 నెలలు పాలసీ సాగిన పిమ్మట, మోసమని రుజువు చేసిన తప్ప, దాచితిరను కారణముతో కంపెనీ నిరాకరింపరాదని నియమము కలదు. కాని ఆ నియమమును నమ్ముకొని దాచుట తెలివి కాదు. సత్యము చెప్పి కొంత ఎక్కువ చెల్లించుటయే క్షేమకరము.

గది అద్దె పరిమితియు, మన వాటాయు. ఈ రెండింటివలననే పెద్దవారు ఎక్కువ నష్టపడుచున్నారు. ఒక లెక్క వేసి చూపెదము.

3 లక్షల పాలసీలో గది అద్దె దినమునకు 1 శాతము, అనగా 3,000 రూపాయలు అని పరిమితి యున్నదనుకొందము. ప్రతి బిల్లులో 20 శాతము రోగియే భరింపవలెనని మరియొక షరతు; దీనినే కో-పే అందురు. రోగి 6,000 రూపాయల గదిలో 5 దినములుండెను. గదికి 30,000, డాక్టరు, ఆపరేషన్ గది, నర్సుల ఖర్చు 80,000, మందులు, పరీక్షలు 60,000. మొత్తము బిల్లు 1,70,000.

గది పరిమితికి రెండింతలు గనుక కంపెనీ గదికి సగమే, అనగా 15,000 ఇచ్చును. అంతతో ఆగదు, డాక్టరు మొదలగు ఖర్చులను గూడ ఆ లెక్కననే సగము చేసి 40,000 ఇచ్చును. మందులకు, పరీక్షలకు ఈ కోత వర్తింపదు గాన 60,000 నిలుచును. మొత్తము 1,15,000. దీనిలో 20 శాతము, 23,000 తగ్గించి 92,000 చెల్లించును. రోగి తాను కట్టవలసినది 78,000.

అదే రోగి 3,000 గదిలో నుండి, తక్కిన ఖర్చులు మారలేదనుకొన్నచో బిల్లు 1,55,000. కంపెనీ 20 శాతము తగ్గించి 1,24,000 ఇచ్చును. రోగి కట్టునది 31,000. పాలసీ ఒకటే, జబ్బు ఒకటే. గది మారినందున 47,000 రూపాయల భేదము వచ్చినది. కావున కొనునపుడు గది పరిమితి లేని పాలసీనో, మన ఊరి దగ్గరి ఆసుపత్రి గది అద్దెకు సరిపోవు పరిమితి గల పాలసీనో కోరుకొనవలెను. ఆసుపత్రిలో చేరునపుడు పరిమితికి లోబడిన గదినే అడుగవలెను.

జబ్బువారీ పరిమితులు. పాలసీ మొత్తము ఎంతయైనను కొన్ని చికిత్సలకు వేరుగ హద్దు వేయుదురు. ఆరోగ్య సంజీవనిలో కంటిపొర ఆపరేషన్‌కు కంటికి 40,000 లేక పాలసీ మొత్తములో నాలుగవ వంతు, ఈ రెండింటిలో తక్కువైనదే చెల్లును. పెద్దలకు తరచుగ వచ్చునది కంటిపొరయే గనుక ఈ హద్దును ప్రతి పాలసీలోను వెదకవలెను.

5. ప్రీమియమును గూర్చి

వయస్సుతో ప్రీమియము పెరుగును. ఈ యేడు చెల్లింపగలుగుట చాలదు. పదేండ్ల తరువాతను చెల్లింపగలమా అని చూడవలెను. ఏలయన నడుమ మానినచో గడచిన వేచియుండు కాలమంతయు వ్యర్థమగును. 60 ఏండ్లు దాటినవారి ప్రీమియమును ఏడాదికి 10 శాతమునకు మించి పెంచవలెనన్నచో కంపెనీ ముందుగ నియంత్రణ సంస్థను సంప్రదింపవలెనని 2025 జనవరి 30న ఉత్తరువైనది. వ్యక్తులును కుటుంబములును తీసికొను పాలసీలపై వెనుక 18 శాతముండిన జీఎస్‌టీని 2025 సెప్టెంబరు 22 నుండి తీసివేసిరి. వెనుక ధర యెక్కువని మానుకొనినవారు మరల విచారింపవచ్చును.

పాలసీ చేతికందిన 30 దినములలో దానిని చదివి, నచ్చనిచో త్రిప్పి పంపి డబ్బు తిరిగి పొందవచ్చును. కొద్ది ఖర్చులు మాత్రము పట్టుకొందురు. ఈ 30 దినములు మన విత్తనపు మొలక పరీక్ష వంటివి, వృథాగా పోనీయరాదు.

6. ఆసుపత్రిలోను, తగవు వచ్చినపుడును

నగదు లేని చికిత్సకు కంపెనీ అనుమతిని ఒక గంటలోను, ఇంటికి పంపునపుడు తుది అనుమతిని మూడు గంటలలోను ఈయవలెనని 2024 మే 29 నాటి ఉత్తరువు. ఆలస్యమువలన ఆసుపత్రి ఎక్కువ వసూలు చేసినచో ఆ ఖర్చు కంపెనీదే. ఈ సంగతి తెలిసినవారు బిల్లు కిటికీవద్ద ఊరక నిలుచుండక అడుగగలరు.

డబ్బు నిరాకరించినచో కారణమును వ్రాతమూలకముగ పుచ్చుకొనుడు. మొదట కంపెనీకే ఫిర్యాదు వ్రాయవలెను. 30 దినములలో జవాబు రాకున్నను, వచ్చినది న్యాయముగ లేకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఏడాదిలోపల వ్రాసికొనవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల వరకు తీర్పు చెప్పు అధికారము వారికి కలదు. 155255 నంబరునకును ఫిర్యాదు చేయవచ్చును.

7. సంఘము చేయదగిన పని

ఒంటరి రైతునకు కష్టమైనది సంఘమునకు సులభము. పొరుగు కర్ణాటకములో సహకార సంఘ సభ్యులైన రైతులకై 2003లో యశస్విని యను వైద్య పథకము నడువనారంభించెను. 2018లో అది ప్రభుత్వ పథకమున కలిసిపోయినను, రైతులకు దానితో గల అక్కర తీరలేదు. 2022లో మరల పునరుద్ధరించిరి. అంతటి పని మన చిన్న సంఘములవలన నిప్పుడే కాకపోవచ్చును గాని, ఒక పుస్తకము పెట్టుట అగును.

ప్రతి సంఘ కార్యదర్శియు ఒక పుస్తకములో దగ్గరి అయిదారు ఆసుపత్రుల పేర్లు, అవి యే పథకములలో ఏ జబ్బులకు చేరినవి, దూరమెంత, సాధారణ గది అద్దెయెంత అను వివరములను వ్రాసి ఆరునెలలకొకసారి సరిచూడవలెను. 60 దాటిన సభ్యులకును వారి భార్యలకును ఏ కార్డు కలదో, ఆధార్‌లో వయస్సు సరిగా నున్నదో మరియొక పుటలో వ్రాయవలెను. భార్యల సంగతి వేరుగ నేల చెప్పుచున్నామనగా, భూమి పట్టా మగవాని పేర నుండుటచే కాగితములన్నియు అతనికే సమకూర్చి, ఆమె మాట మరచుట మన యిండ్లలో వాడుక. జబ్బు మాత్రము పట్టా చూచి రాదు.

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. సభ్యులు ఈ మాసమున చేయవలసినది మూడు పనులు: ఇంటి పెద్దల కార్డులను వెలికితీసి పేర్లు, వయస్సులు సరిచూచుట, దగ్గరి ఆసుపత్రికి పోయి పైని నాలుగు ప్రశ్నలు అడుగుట, ప్రైవేటు పాలసీ యున్నచో గది పరిమితిని, కో-పేను వెదకి గుర్తు పెట్టుకొనుట. ఇందుకు పైకము పట్టదు. ఒకటి రెండు పూటల తీరిక చాలును. సందేహములున్నవారు కాగితములతో సంఘ కార్యాలయమునకు రావలెను. చదివి వినిపించుటకు మేమును కార్యదర్శియు సిద్ధముగ నుందుము.